ఇంటిల్లిపాదికీ ఒకటే గేమ్ లైబ్రరీ: పిల్లలకు తొండి గురించి ఎలా చెప్పాలి?

నల్గొండలో మా ఇల్లు కింద మేము, పైన మా అన్న వాళ్లు. వంట వేరైనా గేమ్ లైబ్రరీ ఒకటే. స్టీమ్ అంటే కంప్యూటర్ ఆటలు కొని ఆడుకునే ఆన్‌లైన్ దుకాణం. చాలా ఏళ్లుగా సేల్ వచ్చినప్పుడల్లా ఒకటీ రెండూ కొంటూ పోగుచేసిన ఆటలు అందులో నా అకౌంట్‌లో ఉన్నాయి. ఇంటివాళ్లంతా ఆటలు పంచుకోవడానికి స్టీమ్‌లో ఉండే 'ఫ్యామిలీ' గ్రూపులో వాటిని పెట్టి అందరికీ తెరిచాను. నిరుడు ఎండాకాలం సెలవుల్లో ఒక పొద్దున ల్యాప్‌టాప్ తెరిస్తే, ఒక షూటింగ్ గేమ్‌లో నా అకౌంట్ బ్యాన్ అయి ఉంది. నేను ఆ ఆట ముట్టుకుని రెండు నెలలు దాటింది. ఆడింది మా అన్న కొడుకు, పద్నాలుగేళ్లవాడు. నా కాపీతో ఆడుతూ, గోడ అవతల ఎవరున్నారో కనిపించే హ్యాక్ పెట్టుకున్నాడు. వాడికీ బ్యాన్ పడింది, నాకూ పడింది.

అడిగితే మొదట "నేనేం చెయ్యలే చిన్నాయనా" అన్నాడు. పావుగంట తర్వాత కండ్లు తుడుచుకుంటూ ఇంకో మాట అన్నాడు: "దొరికితే నా అకౌంట్ పోతదనుకున్న. నీదెందుకు పోతది?"

వాడు అడిగింది సరైన ప్రశ్నే. తొండి చేయకూడదని పిల్లలకు మనం కొత్తగా నేర్పేదేమీ లేదు, గోటీలాట దగ్గర్నుంచే వాళ్లకు తెలుసు. వేరేవాళ్ల వస్తువుతో తొండి చేస్తే దెబ్బ ఎవరికి తగులుతుందన్నదే వాళ్లకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ తర్వాత మా ఇంట్లో ఏం చేశామో వరుసగా రాస్తున్నాను. స్టీమ్ గురించే రాస్తున్నా, ఎందుకంటే మా ఇంట్లో ఉన్నది అదే. వేరే చోట ఆడేవాళ్లు అక్కడి నిబంధనలు ఒకసారి చూసుకోవాలి.

1. ముందు పెద్దవాళ్లు నిబంధనలు చదవాలి

నేను చదవకుండానే "అంగీకరిస్తున్నాను" నొక్కాను. మీరూ అంతే అయితే, ముఖ్యమైనవి ఇక్కడ ఉన్నాయి.

స్టీమ్ ఫ్యామిలీస్ అన్నది 2024 సెప్టెంబరులో అందరికీ వచ్చింది. ఒక ఫ్యామిలీలో ఆరుగురి వరకు ఉండొచ్చు, అందరూ ఒకే ఇంటి మనుషులై ఉండాలన్నది ఉద్దేశం. హైదరాబాద్‌లో ఉండే కొలీగ్ కొడుకునూ, ఇన్‌స్టాగ్రామ్‌లో పరిచయమైన ఫ్రెండ్‌నూ చేర్చుకోవడానికి కాదు. ఇంతకుముందున్న పద్ధతిలో నా లైబ్రరీలోంచి ఒకరు ఒక ఆట ఆడుతుంటే మిగతా లైబ్రరీ మొత్తానికి తాళం పడేది. ఇప్పుడు ఆ బాధ లేదు. నేను ఒకటి, వాడు ఒకటి ఒకేసారి ఆడుకోవచ్చు. ఒకే ఆటను ఇద్దరూ ఒకేసారి ఆడాలంటే మాత్రం ఇంట్లో రెండు కాపీలు కొని ఉండాలి. సేవ్‌లు, అచీవ్‌మెంట్‌లు ఎవరివి వాళ్లవే.

ఇక అసలు సంగతి. ఫ్యామిలీలో ఒకరు మీ కాపీతో ఆడుతూ చీటింగ్‌లో దొరికితే, ఆ ఆటలో వాళ్లతో పాటు మీకూ బ్యాన్ పడుతుంది. ఫ్యామిలీలో మిగిలిన వాళ్లకు ఏమీ కాదు. ఆడినవాడూ కొన్నవాడూ ఇద్దరే బలి. బ్యాన్ పడ్డది వ్యాక్ ద్వారా అయితే, అంటే వాల్వ్ కంపెనీ 2002 నుంచి నడుపుతున్న చీటింగ్ పట్టివేత వ్యవస్థ ద్వారా అయితే, అది శాశ్వతం. స్టీమ్ సపోర్ట్‌కు ఎన్నిసార్లు దండం పెట్టినా తీయరు. ప్రొఫైల్ మీద అందరికీ కనిపించేలా ఆ ముద్ర పడుతుంది. చీటింగ్ చేసిన ఆటకు రిఫండ్ కూడా రాదు.

ఇంకో రెండు విషయాలు. స్టీమ్ నిబంధనల ప్రకారం 13 ఏళ్లు నిండనివాళ్లకు సొంత అకౌంట్ ఉండకూడదు. మా చిన్నదానికి తొమ్మిదేళ్లు, అకౌంట్ లేదు, నా పక్కన కూర్చుని ఆడుతుంది. రెండోది మన ఇళ్లలో మరీ ప్రమాదం: ఫోన్ నంబర్. గ్యాస్ బుకింగ్ నుంచి స్కూల్ మెసేజ్‌ల దాకా అన్నింటికీ నాన్న నంబరే ఇచ్చే అలవాటు మనది. పిల్లల స్టీమ్ అకౌంట్లకూ అదే ఇస్తాం. ఒకే ఫోన్ నంబర్ మీద ఉన్న అకౌంట్లలో ఒకదానికి వ్యాక్ బ్యాన్ పడితే, ఆ సమయంలో ఆ నంబర్‌తో ఉన్న మిగతావాటికీ అంటుకుంటుంది. ఇది ఫ్యామిలీ షేరింగ్‌తో సంబంధం లేకుండా జరిగేది. ఈ రోజే చూసుకుని నంబర్లు వేరు చేయండి.

అందరూ నాన్న అకౌంట్‌తోనే, నాన్న పాస్‌వర్డ్‌తోనే ఆడే ఇళ్లూ ఉన్నాయి. అక్కడ ఎవరు తొండి చేసినా రికార్డులో నాన్నే దొంగ.

2. మాట నేల మీద మొదలుపెట్టండి, స్క్రీన్ ముందు కాదు

ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి "చూడు నాన్నా, చీటింగ్ అనేది..." అని మొదలుపెడితే పిల్లలు ఆ రెండో మాటకే చెవులు మూసుకుంటారు. మేము అష్టాచెమ్మాతో మొదలుపెట్టాం. వరండాలో షాబాద్ బండల మీద సుద్దముక్కతో అయిదు గళ్లు అడ్డం, అయిదు నిలువు గీసి, నాలుగు గవ్వలు వేశాం.

రెండో ఆటలోనే పని జరిగింది. మా చిన్నది గవ్వలు వేసింది. మూడు బోర్లా పడ్డాయి. నాలుగోది రెండు బండల మధ్య సందులో పక్కకు ఒరిగి నిలబడింది. అదీ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. ఆ పిల్ల మా అమ్మ వైపు చూస్తూ "నాయనమ్మా, నీ చెంబుల నీళ్లున్నయా?" అని అడిగి, అటు చూసేలోపు చూపుడువేలి గోటితో గవ్వను తట్టింది. అంతే, "అష్టా!" పైనుంచి దిగివస్తున్న మా అన్న కొడుకు మెట్ల మీది నుంచే "తొండి, తొండి!" అని అరిచాడు. బ్యాన్ పడి నాలుగు రోజులైనా కాలేదు వాడికి. నేను నవ్వు ఆపుకున్నాను, మా అమ్మ ఆపుకోలేదు.

అప్పుడు అడగాల్సిన ప్రశ్నలు ఇవి. ఉపన్యాసం వద్దు, ఒక్కొక్కటే అడిగి ఊరుకోండి.

"ఇప్పుడు ఏం చేద్దాం?" పిల్లలు వెంటనే శిక్ష చెబుతారు. దాన్ని ఆట నుంచి లేపేయాలి, లేదా ఆ పందెం పోవాలి.

"ఈ గవ్వలు ఎవరివి?" మా ఇంట్లో అవి నాయనమ్మవి, పుట్టింటి నుంచి తెచ్చుకున్నవి.

"నాయనమ్మ గవ్వలతో తొండి చేశారు కాబట్టి నాయనమ్మను కూడా లేపేస్తే?"

ఇక్కడ నిశ్శబ్దం వస్తుంది. మా చిన్నది "నాయనమ్మ ఏం చేసింది?" అని లేచి నిలబడింది. మా అన్న కొడుకు తలవంచుకున్నాడు. ఆ నిమిషంలో నేను ఏమీ అనలేదు. మీరూ అనకండి. "చూశావా, నువ్వు చేసింది కూడా ఇదే" అన్న మాట నాలుక చివరిదాకా వస్తుంది, మింగేయండి.

మీ పిల్లలకు అష్టాచెమ్మా రాకపోతే క్యారమ్ బోర్డు చాలు. స్ట్రయికర్‌ను గీత దాటించి కొట్టడం ఏ ఇంట్లో లేదు?

3. "ఎవరి కాపీ?" అన్నది పిల్లల నోట రావాలి

పెద్దవాళ్లకు అర్థం కావడానికి ఒకే మాట సరిపోతుంది: జామీను. అప్పు చుట్టం తీసుకుంటాడు, సంతకం మనం పెడతాం, వాడు ఎగ్గొడితే బ్యాంకు మన ఇంటికొస్తుంది. లైబ్రరీ పంచుకోవడం అంటే ఫ్యామిలీలో ప్రతి ఒక్కరికీ ప్రతి ఆటకూ జామీను పడటమే. మా వదిన దీన్ని మహిళా సంఘం అప్పుతో పోల్చింది, ఒకరు కట్టకపోతే సంఘం అంతటికీ ఇబ్బంది కదా అని. దగ్గరగానే ఉంది కానీ సరిగ్గా అతకదు, ఇక్కడ మొత్తం సంఘానికి ఏమీ కాదు, కాపీ ఇచ్చిన ఒక్కరికే తగులుతుంది. పిల్లలకు చెప్పేటప్పుడు ఈ తేడా వదలొద్దు. "అందరికీ బ్యాన్ పడుతుంది" అని భయపెడితే, అది అబద్ధమని వాళ్లు రెండు నిమిషాల్లో కనిపెడతారు. ఆ తర్వాత మీరు చెప్పే నిజాన్నీ నమ్మరు.

పిల్లలకు పని పెట్టండి. ఒక లాంగ్ నోట్‌బుక్ పేజీలో రెండు గీతలు కొట్టి, లైబ్రరీలోని ఆటలన్నీ రాయించండి: ఆట పేరు, కొన్నది ఎవరు, ఆన్‌లైన్‌లో వేరేవాళ్లతో ఆడేదా కాదా. మా వాళ్లకు ఇది ఒక ఆదివారం పట్టింది. మొత్తం రాశాక ఆన్‌లైన్‌లో ఆడేవి ఏడే తేలాయి, వాటి చుట్టూ ఎర్ర స్కెచ్‌పెన్‌తో డబ్బా గీశారు. ఆ ఏడింటికి మాత్రమే నియమం: ఆడే ముందు కొన్నవాళ్లకు చెప్పి ఆడాలి. అనుమతి కోసమేమీ కాదు. "చిన్నాయనా, నీది ఆడుతున్న" అన్న నాలుగు ముక్కలు నోటితో అంటే, ఆ వస్తువు నాదని వాడికి ఆ పూటకు గుర్తుంటుంది.

మిగతా ఆటలకు ఈ నియమం పెట్టకండి. ప్రతిదానికీ చెప్పి ఆడమంటే వారంలో ఎవరూ ఏదీ చెప్పరు.

4. ఏది తొండి, ఏది సరదా: తేడా మీకు తెలిసి ఉండాలి

నేను తడబడ్డది ఇక్కడే. మా అన్న కొడుకు అడిగాడు: "మరి నువ్వు వైస్ సిటీల ట్యాంక్ తెప్పించుకునేటోనివి గదా?" నిజమే. వైస్ సిటీ అంటే జీటీఏ సిరీస్‌లోని పాత ఆట. బస్టాండ్ దగ్గర నెట్ సెంటర్‌లో గంటకు పదిహేను రూపాయలిచ్చి, అందులో పావుగంట 'ప్యాంజర్' అని కొట్టి ట్యాంకులు దింపుకోవడానికే ఖర్చు పెట్టేవాళ్లం. అదే సిరీస్‌లోని శాన్ ఆండ్రియాస్‌లో 'హెసోయామ్' కొడితే ప్రాణం నిండేది, రెండున్నర లక్షల డాలర్లు పడేవి. అవి దొంగతనమని మాకు తోచలేదు, ఇప్పటికీ తోచదు.

ఎందుకంటే ఆ కోడ్‌లు ఆట తయారుచేసినవాళ్లే పెట్టారు. అన్నింటిలోకీ పేరున్న కోనామి కోడ్ అలాగే పుట్టింది. 1986లో గ్రాడియస్ అనే ఆటను నింటెండో మెషీన్‌కు మారుస్తున్నప్పుడు, కజుహిసా హషిమోటో అనే ఆయనకు పరీక్షించడానికి ఆడబోతే ఆట మరీ కష్టంగా అనిపించింది. తన సౌకర్యానికి ఒక కోడ్ పెట్టుకున్నాడు: పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఎ. అది ఆటలోనే ఉండిపోయింది. ఈ కథ పిల్లలకు తప్పకుండా చెప్పండి. చీట్ అన్న మాట వినగానే నేరం అన్నట్టు మొహం పెట్టకుండా మాట్లాడగలుగుతారు.

మా ఇంట్లో చూసేవి రెండే. ఎదుట ఇంకో మనిషి ఆడుతున్నాడా? ఆ చీట్ ఆటలోనే ఉందా, బయటి నుంచి తెచ్చిందా? ఒక్కడే ఆడుకుంటూ ఆటలోనే ఉన్న కోడ్ కొడితే ఎవరికీ నష్టం లేదు. మైన్‌క్రాఫ్ట్‌లో కొత్త ప్రపంచం సృష్టించేటప్పుడే చీట్స్ అనుమతించాలా అని అడుగుతుంది, అవునని పెట్టుకుని ఆడుకోనివ్వండి. ఎదుట మనుషులుండి, బయటి ఫైల్ తెస్తే అది ఎప్పుడూ తొండే: గురి దానంతట అదే కుదిరే ఎయిమ్‌బాట్, గోడలు పారదర్శకమయ్యే వాల్‌హ్యాక్, ఇంకేదైనా. మధ్యలో ఉండేవి మోడ్‌లు, అంటే ఆటను మార్చడానికి పైనుంచి వేసుకునే ఫైళ్లు. ఒంటరిగా ఆడే ఆటకు కొత్త బట్టలు, కొత్త బండ్లు తెచ్చే మోడ్‌లు చాలావరకు ముచ్చటే. కానీ ఒంటరిగా ఆడే కథ, ఆన్‌లైన్ ఆట రెండూ ఉన్న గేమ్‌లో కథ కోసం వేసుకున్న మోడ్‌ను తీయకుండా ఆన్‌లైన్‌లోకి వెళ్తే చిక్కు. పిల్లలు కావాలని చేయరు, మరిచిపోతారు. అందుకే ఎర్ర డబ్బా ఆటలకు మా ఇంట్లో మోడ్‌లే లేవు.

5. ఆ ఫైల్ ఏమిటో చూపించండి

మా వాడికి హ్యాక్ దొరికింది ఒక వీడియో కింద ఉన్న లింక్‌లో. నేను వాడినే పక్కన కూర్చోబెట్టి ఆ పేజీ మళ్లీ తెరిపించాను, డౌన్‌లోడ్ నొక్కకుండా చదివించాను. రెండో లైన్‌లోనే ఉంది: యాంటీవైరస్ ఆఫ్ చేయండి. మూడోది: అడ్మినిస్ట్రేటర్‌గా నడపండి. "ఇంటికొచ్చిన మనిషి ముందుగా కుక్కను కట్టేయమని, తర్వాత బీరువా తాళాలిమ్మని అడిగితే ఏమనుకుంటావు?" అన్నాను. ఆ ల్యాప్‌టాప్‌లోనే వాళ్ల నాన్న బత్తాయి తోట లెక్కలున్నాయి, బ్యాంక్ లాగిన్ ఉంది. బ్యాన్ గురించి చెప్పినప్పుడు రాని భయం వాడి మొహంలో అప్పుడు వచ్చింది.

ఇలాంటి ఫైళ్లలో పాస్‌వర్డ్‌లు లాగేసేవి మామూలే. డబ్బు పెట్టి కొన్నవి అయితే నమ్మకమైనవని పిల్లలు అనుకుంటారు, ఆ భ్రమా తీసేయండి. "రెండు వారాలైంది, ఏం కాలే, కాబట్టి ఇది సేఫ్" అన్నది ఇంకో భ్రమ. చీట్‌ను పట్టుకున్నా వ్యాక్ బ్యాన్ వెంటనే వేయదు, కావాలనే ఆలస్యం చేస్తుంది. ఏ చీట్ ఎప్పుడు దొరికిందో దాన్ని తయారుచేసినవాడికి తెలియకుండా ఉండటానికి.

6. సెట్టింగులు: కొద్దిగానే, కానీ సరిగ్గా

ఫ్యామిలీలో పిల్లలను 'చైల్డ్'గా చేర్చండి, పెద్దవాళ్లుగా కాదు. అప్పుడు ఏ ఆటలు కనిపించాలో మీరే ఎంచవచ్చు, ఆడే సమయానికి హద్దు పెట్టవచ్చు, ఎంతసేపు ఆడారో చూడవచ్చు, ఇంకొంచెం టైమ్ కావాలని వాళ్లు అడిగితే మీ ఫోన్‌లోనే ఒప్పుకోవచ్చు. కొత్తగా చేరిన పిల్లలకు ఎర్ర డబ్బా ఆటలు మొదట మూసి పెట్టి, ఒక్కొక్కటిగా తెరవండి.

విండోస్‌లో పిల్లలకు వేరే యూజర్ అకౌంట్ ఇవ్వండి, అడ్మినిస్ట్రేటర్ హక్కులు లేకుండా. బయటి ప్రోగ్రామ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా నడపబోతే మీ పాస్‌వర్డ్ అడుగుతుంది. నా లెక్కలో అన్ని పేరెంటల్ కంట్రోల్స్ కన్నా ఈ ఒక్కటే ఎక్కువ పని చేస్తుంది. ఆ పాస్‌వర్డ్ మీ బండి నంబర్ అయితే మాత్రం పెట్టినా పెట్టకపోయినా ఒకటే.

ఒక ఆన్‌లైన్ ఆట మీద పిల్లవాడికి మరీ మనసుంటే, సేల్‌లో వాడి అకౌంట్‌లోనే వాడి కాపీ కొనివ్వండి. జామీను గొడవ ఉండదు. ఉచితంగా దొరికే ఆటలు ఎలాగూ ఎవరి అకౌంట్‌లో వాళ్లవే, అవి షేరింగ్‌లోకి రావు.

7. ఎందుకు చేయాలనిపించిందో వినండి

దీనికి ఇల్లు పనికిరాదు, నలుగురూ వింటుంటారు. నేను వాణ్ని బండి మీద పానగల్లు చెరువు కట్ట మీదికి తీసుకెళ్లాను. మిర్చి బజ్జీలు అయిపోయేదాకా ఏమీ అడగలేదు. తర్వాత వాడే చెప్పాడు. స్కూల్లో నలుగురు ఒక టీమ్, వీడు ఎప్పుడూ ముందే చచ్చిపోతాడు. "నిన్ను తీసుకుంటే ఓడిపోతం" అని గ్రూప్ కాల్‌లోంచి తీసేశారు. హ్యాక్ పెట్టుకున్న రోజు మొదటిసారి వాణ్ని వాళ్లే పిలిచారట.

దీనికి నీతి చెప్పి లాభం లేదు, ఇంకేదైనా చేయాలి. మేము చూస్తే వైఫై రూటర్ కింద ఉంది, వాడు పై అంతస్తులో మూల గదిలో ఆడుతున్నాడు, సిగ్నల్ సగం. నాలుగు వందలు పెట్టి లాన్ కేబుల్ లాగించాం. వేరే ఆటల్లో బాట్‌లతో, అంటే కంప్యూటరే నడిపే ఆటగాళ్లతో, ఆడే ప్రాక్టీస్ మోడ్ చూపించాను. రోజూ ఇరవై నిమిషాలు దాంట్లోనే. టీమ్ సంగతి మాత్రం మా చేతుల్లో లేదు. ఒకడు తిరిగి కలిశాడు, ముగ్గురు కలవలేదు.

ఇంకో వైపూ చూడండి. తాను తొండి చేయని పిల్లవాడు ఓడిపోయిన ప్రతిసారీ ఎదుటివాణ్ని "హ్యాకర్" అంటుంటే, ఆపండి. అనుమానముంటే రిపోర్ట్ బటన్ ఉంది, నొక్కి ఊరుకోవాలి.

8. జరిగిపోతే

ఆ రోజే చేయాల్సినవి: ఆ ఫైల్ తీసేసి, యాంటీవైరస్‌తో మొత్తం స్కాన్ చేయించండి. ఆ ల్యాప్‌టాప్‌లో వాడిన పాస్‌వర్డ్‌లన్నీ వేరే పరికరం నుంచి మార్చండి, మెయిల్‌ది ముందు. లాగిన్ అయ్యేటప్పుడు పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ అడిగే స్టీమ్ గార్డ్ లేకపోతే పెట్టండి. బ్యాన్ ఎవరు వేశారో చూడండి. వ్యాక్ అయితే వదిలేయండి. ఆట తయారుచేసిన కంపెనీ వేసిందైతే వాళ్లకు ఒక్కసారి, నిజం రాసి చూడొచ్చు. "మా తమ్ముడు చేశాడు" అన్న ఉత్తరాలు వాళ్లు రోజూ చూస్తారు.

కోపంలో పిల్లవాణ్ని ఫ్యామిలీలోంచి తీసేయకండి. తీసేసినా మీ బ్యాన్ పోదు. ఆ ఖాళీలోకి ఇంకొకరిని చేర్చాలంటే, పాత మనిషి చేరిన రోజు నుంచి ఏడాది నిండాలి. వాణ్ని ఇంకో ఫ్యామిలీలో చేర్చాలన్నా అంతే.

శిక్ష ఏమిటన్నది కాపీ పోగొట్టుకున్నవాళ్లు చెప్పాలి, తల్లిదండ్రులు కాదు. మా అన్న ల్యాప్‌టాప్ నెల రోజులు బీరువాలో పెడతానన్నాడు, నేను వద్దన్నాను. వాడు నా ముందు కూర్చుని ఏం చేశాడో మొదటి నుంచి చివరిదాకా చెప్పాలి, ఆ ఆట ధరలో సగం ఇవ్వాలి. అంతే అడిగాను. బోనాలకు మేనమామ ఇచ్చిన అయిదు వందల నోటు తెచ్చి టేబుల్ మీద పెట్టాడు, మడత కూడా విప్పలేదు. తీసుకోవడానికి నాకు చేయి రాలేదు కానీ తీసుకున్నాను. తిరిగి ఇచ్చేసి ఉంటే అది నాటకమైపోయేది.

ఆ తర్వాత దసరాకు వాడు సొంత డబ్బుతో ఒక రేసింగ్ గేమ్ కొన్నాడు, ఆన్‌లైన్‌ది. నోట్‌బుక్ పేజీలో వాడే ఎక్కించాడు, కొన్నది ఎవరు అన్న చోట వాడి పేరు, చుట్టూ ఎర్ర డబ్బా. మొన్న వాడి తమ్ముడు అది ఆడతానని వచ్చాడు. వాడికి కూడా ఈ మధ్యే పదమూడు నిండి అకౌంట్ వచ్చింది. పెద్దవాడు కుర్చీ ఇంకొకటి లాక్కొచ్చి పక్కన వేసుకున్నాడు.

"ఆడు. నేనిక్కడ్నే కూసుంట. ఇంకో విండో ఏదన్న తెరిచినవనుకో, తీగె గుంజేస్త."